డెసిబెల్ కొలిచేది మీ చెవి దగ్గర కాదు

ప్రశ్న: లాయరు గారూ, మాది హనుమకొండ. రెండేళ్లుగా నా ఎడమ చెవిలో గుయ్‌మని ఒకటే మోత. ఈఎన్‌టీ డాక్టరు గారు టినిటస్ అన్నారు, పెద్ద చప్పుళ్లకు దూరంగా ఉండమన్నారు. మా ఇంటికి ఎదురుగానే వినాయక మండపం. పూజ జరిగినన్ని రోజులూ డీజే. నిమజ్జనం అయిపోయాక కూడా చాలా రోజులు నాకు మోత తగ్గదు, నిద్ర పట్టదు. కాస్త తగ్గించమంటే ‘పండగ కదక్కా, సర్దుకోండి’ అంటారు. ఇదిలా ఉంటే మా అబ్బాయి హైదరాబాద్‌లో ఒక సినిమా పాటల కాన్సర్ట్‌కి నాకూ టికెట్ కొన్నాడు. పాటలంటే నాకు ప్రాణం, వెళ్లాలనే ఉంది. నాలాంటివాళ్లకు చట్టంలో రక్షణ ఉందా? వికలాంగుల సర్టిఫికెట్ తీసుకుంటే ఏమైనా లాభమా?

జవాబు: అమ్మా, మీరు ఒకే ఉత్తరంలో రాసినా చట్టం వీటిని రెండు వేర్వేరు విషయాలుగా చూస్తుంది. మండపం చప్పుడు మీరు అడగకుండానే ఇంట్లోకి వచ్చింది. కాన్సర్ట్ చప్పుడు డబ్బిచ్చి కొనుక్కున్నది. మన శబ్ద కాలుష్య నిబంధనలు మొదటిదాన్ని గట్టిగానే పట్టుకుంటాయి. రెండోదాని జోలికి దాదాపు పోవు. కారణం చిన్నదే. మైకులకు నిబంధనల్లో ఉన్న డెసిబెల్ పరిమితులు స్థలం హద్దు దగ్గర కొలిచేవి. గేటు బయట ఉన్నవాడి చెవికి కాపలా ఉంది, గేటు లోపల ఉన్నవాడి చెవికి లేదు. ఈ తేడా తెలియక చాలామంది మండపం విషయంలో అనవసరంగా వెనక్కి తగ్గుతారు, కాన్సర్ట్ విషయంలో లేని ధీమాతో వెళతారు.

ముందు సర్టిఫికెట్ సంగతి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం వినికిడి లోపాన్ని గుర్తిస్తుంది కానీ రెండు చెవుల్లోనూ, మాటల శ్రుతుల్లో, 60 డెసిబెల్స్ నుంచి లోపం ఉండాలంటుంది. టినిటస్ పేరు ఆ జాబితాలో లేదు. మోత ఒక్కటే ఉంటే సర్టిఫికెట్ రాదు. మోతతోపాటు వినికిడి కూడా తగ్గిందేమో ఆడియోగ్రామ్ తీయించి చూసుకోండి. ఏమైనా మండపం విషయంలో మీకు ఆ కాగితంతో పని లేదు. ప్రశాంతంగా బతకడం రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని, ఇష్టం లేనివాళ్లకు బలవంతంగా వినిపించే హక్కు ఎవరికీ లేదని సుప్రీంకోర్టు 2005 జులైలో తేల్చి చెప్పింది. అది రోగులకు మాత్రమే ఇచ్చిన హక్కు కాదు, అందరిదీ.

ఇక మండపం. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నిబంధనల్లో 5వ నిబంధన మీకు ఆయుధం. రాతపూర్వక అనుమతి లేకుండా మైకు పెట్టకూడదు. రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగంగా అసలు పెట్టకూడదు. పండగల కోసం రాష్ట్ర ప్రభుత్వం ఏడాది మొత్తానికి 15 రోజులకు మించకుండా అర్ధరాత్రి 12 వరకు సడలింపు ఇవ్వవచ్చు, ఆ రోజులేవో సాధారణంగా ముందే ప్రకటించాలి. ఈ అధికారాన్ని ప్రభుత్వం కింది అధికారులకు అప్పగించడానికి వీల్లేదని కూడా సుప్రీంకోర్టు చెప్పింది. కాబట్టి ‘సీఐ గారు పన్నెండింటి దాకా ఓకే అన్నారు’ అనే మాటకు విలువ లేదు. ఆ రోజుకు ప్రభుత్వ ఉత్తర్వు ఉందా అని అడగండి.

పగటి లెక్క చాలామందికి తెలియదు. నివాస ప్రాంతంలో పగలు 55 డెసిబెల్స్, రాత్రి 45 ప్రమాణం. మైకు పెట్టిన బహిరంగ స్థలం హద్దు దగ్గర చప్పుడు ఆ ప్రమాణం కంటే 10 ఎక్కువ వరకు ఉండొచ్చు, లేదా 75. ఈ రెంటిలో ఏది తక్కువైతే అదే హద్దు. అంటే మీ వీధి మండపం చుట్టూ పగలు 65 దాటకూడదు. ఇద్దరు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకుంటే 60 దరిదాపుల్లో ఉంటుంది. 65లో పూజా మంత్రాలు, హారతి పాటలు చక్కగా వినిపిస్తాయి. డీజే మాత్రం ఆ అంకెలో ఇమడదు. చట్టం పండగను ఆపడం లేదు, డీజేను ఆపుతోంది. కమిటీవాళ్లతో మాట్లాడేటప్పుడు ఈ తేడా పట్టుకోండి.

ఫిర్యాదు ఎవరికి? కమిషనరేట్ ఉన్నచోట పోలీసు కమిషనర్‌కి, లేనిచోట కలెక్టర్‌కి లేదా ప్రభుత్వం నియమించిన డీఎస్పీకి తగ్గని అధికారికి. మీకు వరంగల్ పోలీసు కమిషనర్. ఇక్కడ ఒక మెలిక ఉంది. 7వ నిబంధన కింద పగటిపూట ఫిర్యాదు చేయాలంటే చప్పుడు ప్రమాణం కంటే కనీసం 10 డెసిబెల్స్ ఎక్కువ ఉండాలి. ఎంత ఉందో తేల్చడానికి మీటరు కావాలి, ఆ మీటరు చాలా స్టేషన్లలో ఉండదు, ఈలోపు నిమజ్జనం అయిపోతుంది. అందుకే అర్జీలో 8వ నిబంధనను కూడా తప్పక రాయండి. ఆ నిబంధనలో అంకె లేదు. చప్పుడు వల్ల జనానికి, చుట్టుపక్కల ఉన్నవాళ్లకు చిరాకు, ఇబ్బంది, అసౌకర్యం లేదా హాని కలుగుతోందని అధికారికి నమ్మకం కుదిరితే చాలు. ఆపమని గానీ తగ్గించమని గానీ లిఖితపూర్వకంగా ఉత్తర్వు ఇవ్వవచ్చు. మీ డాక్టరు చీటీకి అసలు బలం ఇక్కడే. ‘హాని’ అన్న ఆ మాటకు అదే రుజువు.

అర్జీ ఎప్పుడు ఇస్తారన్నది అన్నిటికంటే ముఖ్యం. చవితి రాత్రి 112కి ఫోన్ చేస్తే పెట్రోలింగ్ బండి వస్తుంది, చప్పుడు తగ్గుతుంది, బండి వీధి మలుపు తిరగగానే మళ్లీ మొదలవుతుంది. పందిరి వేయకముందే, కమిటీ అనుమతికి దరఖాస్తు పెట్టుకునే రోజుల్లోనే మీ అర్జీ పోలీసుల దగ్గర ఉండాలి. సోమవారం కలెక్టరేట్ ప్రజావాణిలో కూడా ఒక ప్రతి ఇచ్చి రసీదు తీసుకోండి. ఆంధ్రప్రదేశ్ పాఠకులకైతే సోమవారం ప్రజా సమస్యల పరిష్కార వేదిక ఉంది. అర్జీలో ‘మండపం వద్దు’ అని రాయకండి. అలా రాసిన అర్జీ ఏ బల్ల మీదా ముందుకు కదలదు. స్పీకర్ల ముఖం మా ఇంటి వైపు ఉండకూడదు, పెద్ద బేస్ పెట్టెలు పెట్టకూడదు, పదింటికి ఆపాలి అని అనుమతి పత్రంలోనే షరతులుగా చేర్చమని అడగండి. షరతు కాగితం మీద ఉంటే ఎస్సైకి పని తేలిక. అనుమతి లేకుండా పెట్టారని గానీ, షరతు మీరారని గానీ అనడానికి మీటరు అక్కర్లేదు. ఆ అనుమతి పత్రం నకలు సమాచార హక్కు చట్టం కింద అడగవచ్చు. జవాబుకు 30 రోజుల గడువు ఉంది కాబట్టి ఈ ఏడాది పండగకు అందకపోవచ్చు, వచ్చే ఏడాదికి పనికొస్తుంది.

సాక్ష్యం కోసం మీ గదిలోంచి, తేదీ, సమయం కనిపించేలా ఫోన్‌లో వీడియో తీయండి. డెసిబెల్ యాప్ చూపే అంకెను కోర్టు ప్రమాణంగా తీసుకోదు, అధికారి కదలడానికి మాత్రం సాయపడుతుంది. ఆ వీడియో కోర్టు దాకా వెళ్తే భారతీయ సాక్ష్య అధినియం 63వ సెక్షన్ ప్రకారం సర్టిఫికెట్ జతచేయాలి. అసలు ఫైలు చెరిపేయకండి.

‘మన వీధివాళ్ల మీద పేరు పెట్టి కేసా?’ అన్న భయం సహజం. ఫిర్యాదుదారు ఎవరో ఆరా తీయకుండా, పేరు బయటపెట్టకుండా చర్య తీసుకోవాలని బొంబాయి హైకోర్టు 2025 జనవరిలో పోలీసులను ఆదేశించింది. ఆ తీర్పు తెలంగాణ పోలీసులను నేరుగా కట్టిపడేయదు. కానీ అర్జీలో ప్రస్తావించి, నా వివరాలు గోప్యంగా ఉంచండి అని అడగడానికి పనికొస్తుంది. హైదరాబాద్ నగరంలో మత ఊరేగింపుల్లో డీజే సౌండ్ సిస్టమ్‌లను పోలీసు కమిషనర్ 2024 అక్టోబరులో నిషేధించిన సంగతీ ఉదహరించండి. అదీ మీ ఊరికి వర్తించదు, అయినా మన రాష్ట్రంలోనే మరో కమిషనరేట్ చేసిన పని కదా.

‘పండగ కదా, సర్దుకోండి’ అన్నదానికి చట్టం దగ్గర తయారుగా జవాబుంది. ఎవరికో కొంత సౌకర్యం, లాభం ఉన్నంత మాత్రాన పబ్లిక్ న్యూసెన్స్ క్షమార్హం కాదని భారతీయ న్యాయ సంహిత 270వ సెక్షనే అంటుంది. అయితే 292 కింద శిక్ష వెయ్యి రూపాయల దాకా జరిమానా. డీజే అద్దె తెలిసినవాళ్లెవరూ దానికి భయపడరు. పదేపదే జరిగితే నాగరిక్ సురక్షా సంహిత 152 కింద ఎగ్జిక్యూటివ్ మేజిస్ట్రేట్ ఉత్తర్వు కోరండి. ఆపమన్నాక కూడా న్యూసెన్స్ కొనసాగిస్తే న్యాయ సంహిత 293 కింద ఆరు నెలల దాకా సాధారణ జైలు, లేదా 5,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఇంకోమాట. శబ్ద నిబంధనలు మీరితే ఐదేళ్ల జైలని వాట్సాప్‌లో తిరిగేది పాతబడింది. జన్ విశ్వాస్ చట్టం తెచ్చిన సవరణ తర్వాత, 2024 నుంచి, పర్యావరణ పరిరక్షణ చట్టం 15వ సెక్షన్‌లో 10,000 నుంచి 15 లక్షల రూపాయల దాకా జరిమానా మాత్రమే ఉంది. ఆ పాత కబురు చెప్పి కమిటీ కుర్రాళ్లను బెదిరిస్తే మీ మాటకే విలువ పోతుంది.

ఇప్పుడు కాన్సర్ట్. ఫ్యాక్టరీలో మెషిన్ పక్కన పనిచేసే కార్మికుడికి 8 గంటలకు 90 డెసిబెల్స్ అని హద్దు ఉంది. టికెట్ కొని స్టేజీ ముందు నిలబడే శ్రోతకు అలాంటి అంకె మన చట్టాల్లో లేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో కచేరీ వేదికల కోసం ఒక ప్రమాణం ప్రకటించింది. ఏ 15 నిమిషాల సగటు చూసినా 100 డెసిబెల్స్ మించకూడదు, శబ్దాన్ని కొలుస్తూ ఉండాలి, ఇయర్‌ప్లగ్‌లు అందుబాటులో ఉంచాలి, చెవికి విశ్రాంతి దొరికే నిశ్శబ్ద ప్రదేశం ఉండాలి అంటుంది. అది సలహాయే తప్ప ఇక్కడ చట్టం కాదు. అయినా మన దగ్గర పూర్తిగా తెలియని సంగతేమీ కాదు. 2024 నవంబరులో హైదరాబాద్‌లో ఒక పంజాబీ గాయకుడి కచేరీకి ముందు రంగారెడ్డి జిల్లా అధికారులు ఇచ్చిన నోటీసులో పిల్లలను స్టేజీ మీదకు తేవద్దంటూ ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పిన డెసిబెల్ పరిమితులనే చూపించారు. ఆ నోటీసులో పాటల్లోని మద్యం గురించిన భాగం పత్రికలకెక్కింది, చెవుల భాగం ఎవరికీ పట్టలేదు.

కాబట్టి కాన్సర్ట్ విషయంలో మీకున్న దారి వినియోగదారుల చట్టం. 2019 చట్టంలో ‘సేవ’ నిర్వచనంలో వినోదం కూడా ఉంది, సేవా లోపంలో నిర్లక్ష్యం కూడా వస్తుంది. ముందుగానే నిర్వాహకులకు ఈమెయిల్ పెట్టండి. నాకు టినిటస్ ఉంది, స్పీకర్ టవర్లకు దూరంగా సీటు మార్చగలరా, మధ్యలో బయటికి వెళ్లి మళ్లీ లోపలికి రావచ్చా, ఇయర్‌ప్లగ్‌లు లోపలికి అనుమతిస్తారా? వాళ్లు ఒప్పుకుని అక్కడ మాట తప్పితే ఆ ఈమెయిలే మీ సాక్ష్యం. జవాబే ఇవ్వకపోతే అదీ సాక్ష్యమే. ఫిర్యాదు రెండేళ్లలోపు, మీరు నివసించే జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. దానికి ముందు 1915 హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేయవచ్చు. టికెట్ వెనక ‘మీ స్వంత బాధ్యత మీద రావాలి’ అని అచ్చేసినంత మాత్రాన నిర్వాహకుల నిర్లక్ష్యం మాఫీ అయిపోదు.

ఇంత చెప్పినా, చెవి దెబ్బతిందని నష్టపరిహారం గెలవడం కష్టమని ముందే చెబుతున్నాను. మోత ఆమెకు ముందునుంచే ఉంది కదా అన్నది అవతలి లాయరు మొదటి ప్రశ్న అవుతుంది, మీ ప్రిస్క్రిప్షనే చూపించి అడుగుతాడు. దానికి విరుగుడు కాన్సర్ట్‌కి ముందు తీసిన ఆడియోగ్రామ్. తర్వాత తేడా వస్తే రెండు కాగితాలు పక్కపక్కన పెట్టొచ్చు. డాక్టరు గారు అసలు వెళ్లవద్దంటే డబ్బు వాపసో, టికెట్ మరొకరి పేరుకి బదిలీయో అడగండి. ఆ షరతులు టికెట్ కొన్న యాప్‌లోనే ఉంటాయి.

వెళ్లవచ్చంటే మాత్రం దూది నమ్ముకోకండి, అది చప్పుడును ఆపదు. మెత్తటి ఫోమ్ ప్లగ్‌ని సన్నగా నలిపి, చెవిని పైకి లాగి లోపల పెట్టి, అది ఉబ్బేదాకా వేలితో పట్టుకోవాలి. అది సన్న శ్రుతులను ఎక్కువగా మింగేస్తుంది, పాట బొంగురుగా వినిపిస్తుంది. మీలాంటి సంగీత ప్రియులకు మ్యుజీషియన్ ప్లగ్‌లు మేలు, అన్ని శ్రుతులనూ దాదాపు సమంగా తగ్గిస్తాయి. 85 డెసిబెల్స్‌ని 8 గంటలు తట్టుకోవచ్చనే లెక్కలో, ప్రతి 3 డెసిబెల్స్‌కి సమయం సగమవుతుంది. 100కి వచ్చేసరికి మిగిలేది 15 నిమిషాలు. ప్లగ్‌లు సరిగ్గా కూర్చుని 15 తగ్గించినా మళ్లీ 85 దగ్గరికి వస్తారు. అయితే ఇంట్లో నిశ్శబ్దంగా ఉన్నప్పుడు వాటిని పెట్టుకోకండి, చెవిలో మోతే మరింత పెద్దగా తోస్తుంది. కాన్సర్ట్ తర్వాత వినికిడి ఉన్నట్టుండి తగ్గితే ఒకరోజు చూద్దామని ఆగకుండా ఈఎన్‌టీ దగ్గరికి వెళ్లండి. చికిత్స తొందరగా మొదలవ్వాలి, ఆ రోజు ఓపీ చీటీ కేసుకీ కావాలి.

ఖర్చు గురించి మీరు అడగలేదు కానీ చెప్పాలి. న్యాయ సేవల అధికార సంస్థల చట్టం 12వ సెక్షన్ ప్రకారం ఆదాయంతో నిమిత్తం లేకుండా మహిళలకు ఉచితంగా లాయరును ఇస్తారు. 15100కి ఫోన్ చేయండి, లేదా మీ జిల్లా కోర్టు ఆవరణలోని న్యాయ సేవాధికార సంస్థకు వెళ్లండి. వెళ్లేటప్పుడు డాక్టరు చీటీ, ఆడియోగ్రామ్, పోయినేడాది వీడియోలు ఏవైనా ఉంటే అవీ తీసుకెళ్లండి. కమిషనర్‌కి ఇచ్చే అర్జీ అక్కడే రాయించుకోవచ్చు.