మెమరీ పెంచితే లాప్‌టాప్ త్వరగా లేస్తుందా?

మా హాస్టల్లో ఒక మిత్రుడికి పెద్ద చిక్కే వచ్చిపడింది. ప్రాజెక్టు రిపోర్టు గడువు దగ్గరపడింది. చేతిలో ఉన్నది వాళ్ళ అన్నయ్య వాడి ఇచ్చిన పాత లాప్‌టాప్. పొద్దున స్విచ్చి నొక్కి, మొహం కడుక్కుని, టిఫిను చేసి వచ్చేసరికి కూడా అది ఇంకా లేస్తూనే ఉండేది. "మెమరీ వేయించు బాబూ, రాకెట్టులా పోతుంది" అన్నాడు బజార్లో ఒకాయన. మెస్ బిల్లుకని దాచుకున్న డబ్బు పెట్టి మనవాడు 4 జీబీ మెమరీని 8 జీబీ చేయించాడు. పని చేసేటప్పుడు లాప్‌టాప్ నిజంగానే తేలికపడింది. కాని పొద్దున లేవడం మాత్రం ఇంచుమించు మునుపటిలాగే! మోసపోయానని లబోదిబోమన్నాడు. నిజానికి ఇందులో మోసమేమీ లేదు. రోగాలు రెండు, మందు వేసింది ఒకదానికే. ఆ తేడా ఏమిటో తెలుసుకుందాం.

వంటగట్టు – స్టోరు రూము

మన మెస్సునే ఉదాహరణగా తీసుకుందాం. వంటమాస్టారు ప్రాసెసరు. ఆయన ముందున్న వంటగట్టు మెమరీ, అంటే ర్యామ్. సరుకులన్నీ ఉండే స్టోరు రూము డిస్కు. ఏది వండాలన్నా సరుకు ముందు గట్టు మీదికి రావలసిందే. స్టోరు రూములో ఉండగా వండటం కుదరదు.

గట్టుకూ స్టోరుకూ దూరమెంత? మెమరీ నుంచి ఒక అంశం అందుకోవడానికి సుమారు 100 నానోసెకన్లు పడుతుంది. పాత లాప్‌టాప్‌లలోని హార్డ్ డిస్కు సాధారణంగా నిమిషానికి 5400 సార్లు తిరుగుతుంది. అంటే ఒక చుట్టుకు 11 మిల్లీసెకన్లు. కావలసిన చోటు ముల్లు కిందికి రావడానికి సగటున అరచుట్టు, దానికి ముల్లు జరిగే కాలం కలిపితే సుమారు 15 మిల్లీసెకన్లు. చక్రాలు లేని ఎస్.ఎస్.డి. అయితే మిల్లీసెకనులో పదోవంతు చాలు. ఇవి మన ఊహకు అందే అంకెలు కావు కనుక, గట్టు మీది సరుకు అందుకోవడానికి 1 సెకను అనుకుందాం. అప్పుడు ఎస్.ఎస్.డి. నుంచి తేవడానికి 17 నిమిషాలు, హార్డ్ డిస్కు నుంచి తేవడానికి 41 గంటలకు పైగా! అసలు కథంతా ఈ లెక్కలోనే ఉంది.

గట్టు ఇరుకైతే

గట్టు మీద చోటు చాలకపోతే మాస్టారు ఏం చేస్తారు? పప్పు డబ్బా స్టోరులో పెట్టి వచ్చి బియ్యం తెస్తారు. మళ్ళీ పప్పు కావాలంటే బియ్యం పెట్టి వస్తారు. కంప్యూటరూ అంతే. మెమరీ నిండగానే కొన్ని పేజీలను డిస్కు మీదికి నెట్టి, అవసరమైనప్పుడు మళ్ళీ తెచ్చుకుంటుంది. దీనినే వర్చువల్ మెమరీ అంటారు. 1962లో మాంచెస్టర్‌లో పనిచేయడం ప్రారంభించిన అట్లాస్ కంప్యూటరులో ఈ పద్ధతి ఉంది. ఇది గొప్ప సదుపాయమే. కాని మితిమీరితే వంట ఆగిపోయి, నడకే మిగులుతుంది. ఈ స్థితిని థ్రాషింగ్ అంటారు. ఒక ప్రోగ్రాముకు ఒక సమయంలో నిజంగా అవసరమయ్యే పేజీలకు పీటర్ డెన్నింగ్ 1968లో 'వర్కింగ్ సెట్' అని పేరు పెట్టాడు. అవన్నీ మెమరీలో పట్టినంతకాలం బండి సాఫీగా నడుస్తుంది. పట్టకపోతే ఒక్కసారిగా చతికిలబడుతుంది.

మన మిత్రుడి పని తేలికపడింది ఇందుకే. బ్రౌజరూ, రిపోర్టూ, లెక్కల ప్రోగ్రామూ కలిసి 4 జీబీలో ఇమడలేదు, 8 జీబీలో ఇమిడాయి. మరి 8ని 16 చేస్తే రెట్టింపు వేగం వస్తుందా? రాదు. అన్నీ పట్టిన గట్టును ఇంకా వెడల్పు చేస్తే మాస్టారి చెయ్యి వేగంగా తిరగదు కదా! మిగిలిన చోటును సిస్టము ఇటీవల చదివిన ఫైళ్ళను దాచుకోవడానికి వాడుకుంటుంది. లాభం ఉంది, కాని స్వల్పం.

పొద్దున్నే ఎందుకు ఆలస్యం?

ఈనాటి మెమరీ చిప్పులకు మూలం రాబర్ట్ డెన్నార్డ్ ఆలోచన. ఒక్క ట్రాన్సిస్టరు, ఒక బుల్లి కెపాసిటరుతో ఒక బిట్టును నిలిపే ఈ పద్ధతికి 1968లో పేటెంటు లభించింది. ఆ కెపాసిటరులోని విద్యుదావేశం కారిపోతూ ఉంటుంది. అందుకే సాధారణంగా ప్రతి 64 మిల్లీసెకన్లలోగా దాన్ని మళ్ళీ నింపుతుంటారు. కరెంటు ఆగితే సర్వం ఖాళీ. కాబట్టి ప్రతి ఉదయం గట్టు ఖాళీగానే ఉంటుంది. సిస్టము సరుకంతా స్టోరు నుంచి మోసుకు రావలసిందే. గట్టు వెడల్పయినంత మాత్రాన స్టోరుకు దారి తగ్గదు!

లెక్క వేసి చూద్దాం. లేవడానికి 100 సెకన్లు పడుతోందనీ, అందులో 80 సెకన్లు డిస్కు కోసం నిరీక్షణేననీ అనుకుందాం. మిగతా 20 సెకన్ల పనిని రెట్టింపు వేగంతో చేసినా మొత్తం 90 సెకన్లు. అదే డిస్కు పనిని పదిరెట్లు వేగం చేస్తే 8, 20 కలిపి 28 సెకన్లు. 1967లో జీన్ ఆమ్‌డాల్ చేసిన వాదనలోని సారం ఇదే. ఎక్కువ కాలం తినే భాగాన్ని బాగుచేస్తేనే ఫలితం.

అయితే మెమరీ మరీ తక్కువగా ఉండి, సిస్టము లేవగానే అరడజను ప్రోగ్రాములు వాటంతటవే తెరుచుకుంటుంటే, మెమరీ పెంచినా ఆ కాస్త ఆలస్యం తగ్గుతుంది. అక్కర్లేనివి తీసేస్తే పైసా ఖర్చు లేకుండానే తగ్గుతుంది.

ముందు కొలవండి

ఫిజిక్సు లాబులో చేసినట్లే చేయండి. రోజూ వాడే ప్రోగ్రాములన్నీ తెరిచి, విండోస్‌లో కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ కలిపి నొక్కండి. టాస్క్ మేనేజరు వస్తుంది. మెమరీ 90 శాతం దాటి, డిస్కు కూడా ఊపిరాడకుండా ఉంటే మెమరీ చాలడం లేదన్నమాట. మెమరీ సగమే వాడుకలో ఉండి, లేచేటప్పుడు డిస్కు 100 శాతం చూపిస్తుంటే ఎస్.ఎస్.డి. వేయించండి. ప్రాసెసరే ఎప్పుడూ 100 దగ్గర ఉంటే ఈ రెండూ పెద్దగా ఆదుకోవు.

లేచే కాలాన్ని కొలిచేటప్పుడు షట్‌డౌన్ కాక రీస్టార్ట్ వాడండి. 2012లో వచ్చిన విండోస్ 8 నుంచి షట్‌డౌన్ చేసినప్పుడు సిస్టము తన స్థితిలో కొంత భాగాన్ని డిస్కు మీద దాచుకునే ఏర్పాటు ఉంది. దానివల్ల లెక్క తప్పుతుంది. మూడుసార్లు కొలిచి సగటు తీయండి. కొత్త మెమరీ వేశాక మొదటిసారి ఆలస్యమైతే కంగారుపడకండి, అది పరీక్షించుకునే సమయం.

కొనేముందు మరి రెండు మాటలు. డీడీఆర్3, 4, 5 రకాలు ఒకదాని చోట ఒకటి పట్టవు. పలుచని లాప్‌టాప్‌లు అనేకం మెమరీని బోర్డుకే అతికించి వస్తాయి, మార్చే వీలుండదు. విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది కనుక, మీ యంత్రం విండోస్ 11కు తగినదో కాదో కూడా చూసుకోండి. కాకపోతే లినక్స్ ఉంది.

మన మిత్రుడు స్కాలర్‌షిప్ వచ్చాక ఎస్.ఎస్.డి. వేయించాడు. ఇప్పుడు వాడు మొహం కడుక్కోకముందే లాప్‌టాప్ లేచి కూర్చుంటోంది. "ముందే కొలిచి ఉంటే మొదట ఇదే వేయించేవాణ్ణిరా" అంటుంటాడు. విద్యార్థి చేతిలోది చిన్న డబ్బు. కొలిచి ఖర్చుపెడితే ఆ చిన్న డబ్బే పెద్ద పని చేస్తుంది.