పుస్తకం ఏ సంవత్సరానిది?

పాముకాటు మీద వ్యాసం రాద్దామని మన కాలేజీ లైబ్రరీకి వెళ్లాను. ఓ పాత ప్రథమ చికిత్స పుస్తకం దొరికింది. కాటుకు పైన తాడు బిగించి, గాటు పెట్టి రక్తం కార్చమని అందులో ఉంది. మా ఊళ్లో చేసేదీ అదే. మా పంపుసెట్టు గదిలో మేకుకు అందుకోసమే ఓ తాడుముక్క వేలాడుతుంటుంది.

లైబ్రేరియన్‌గారు ఆ పుస్తకం చూసి, "ఇది ఏ సంవత్సరానిది బాబూ?" అన్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ఆగ్నేయాసియా దేశాలకోసం వెలువరించిన మార్గదర్శకాలు కంప్యూటర్లో తీసి చూపించారు. తాడు బిగించరాదు, కోయరాదు, నోటితో పీల్చరాదు. కాటుపడ్డ కాలో చెయ్యో కదలనీయకుండా వెంటనే ఆసుపత్రికి చేర్చాలి. నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర - ఈ 4 పాముల విషానికీ మన దేశంలో వాడే విరుగుడు ఇంజెక్షన్ ఒక్కటే.

"వైద్యం చెప్పడం డాక్టరుగారి పని. ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు, దేని ఆధారంగా రాశారు, ఏదైనా అమ్ముకోవడానికి రాశారా అని అడగడం నేర్పేది మా పని" అన్నారాయన.

సైన్సు చదువుతున్న నేనే అచ్చయిందల్లా నిజమనుకున్నాను. సెలవులకు ఇంటికెళ్లి, నాన్నకు నచ్చజెప్పి ఆ తాడు తీసేశాను. మేకు పక్కన గోడమీద సున్నంతో 108 అని రాశాను.

మిత్రులారా! మీ ఇళ్లలోనూ అలాంటి తాడు ఉందేమో చూడండి.