ఆ స్కానింగ్ ఇక వాయిదా వేయొద్దు

నా వయసు 46. మాది తెనాలి. రెండేళ్ల కిందట మా అత్తగారికి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. డైపర్ మార్చడం, ఒళ్లు తుడవడం, తినిపించడం, రాత్రిళ్లు పక్కకు తిప్పడం అన్నీ నేనే. ఆవిడ నన్ను కడుపులో పెట్టుకుని చూసుకున్న మనిషి. చేయడం నాకు బరువని కాదు. కానీ ఏడాదిగా నెలసరిలో రక్తస్రావం విపరీతంగా ఉంది. మెట్లెక్కితే ఆయాసం, కళ్లు తిరుగుతున్నాయి. హిమోగ్లోబిన్ 7.6 ఉందని చెప్పి, స్కానింగ్‌కి డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ బీరువాలోనే ఉండిపోయింది. వెళ్దామంటే అత్తయ్య నా చేత్తో తప్ప తినరు. మావారు ‘నాకవన్నీ చేతకావు’ అంటారు. విజయవాడలో ఉన్న ఆడపడుచు ‘అమ్మను నీలా ఎవరూ చూసుకోలేరు వదినా’ అంటుంది. నా గురించి ఆలోచించుకుంటే స్వార్థమేమో అనిపిస్తోంది. ఏం చేయను?
– ఓ సోదరి

అమ్మా, ముందు ఆ చీటీ బయటికి తీయండి. గర్భిణి కాని స్త్రీకి హిమోగ్లోబిన్ 12 కన్నా తగ్గితేనే రక్తహీనత. 8 కన్నా తగ్గితే తీవ్రమైనదని లెక్క. ఆ స్థితిలో మంచం మీది మనిషిని లేపబోయి మీరు తూలితే ఇద్దరూ పడిపోతారు. ఈ వయసులో ఇంత రక్తస్రావానికి గర్భాశయంలో గడ్డలు కారణం కావచ్చు, థైరాయిడ్ కావచ్చు, లోపలి పొరలో మార్పులూ కావచ్చు. పరీక్ష చేయకుండా ఏదీ తేలదు. ఐరన్ మాత్రలతోనే నెట్టుకురావొద్దు. వాటిని వేసుకునే వేళ కాఫీ, టీ కూడా తాగకండి, మందు ఒంటికి సరిగా పట్టదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం మన ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల స్త్రీలలో సగం మందికి పైగా రక్తహీనతే. నీరసాన్ని ఇంటి పనిలో భాగంగా భరించేయడం మనకు అంతగా అలవాటైపోయింది.

ఇక ఇంటి సంగతి. తల్లిదండ్రుల పోషణ, సంక్షేమం కోసం 2007లో వచ్చిన చట్టం ఆ బాధ్యతను కొడుకు మీదా కూతురి మీదా పెట్టింది. అందులో ‘పిల్లలు’ అన్న నిర్వచనంలో కోడలి పేరే లేదు. మీరు ప్రేమతో చేస్తున్నారు, అది గొప్ప విషయం. కానీ మీవారు, మీ ఆడపడుచు చేయాల్సింది అంతకన్నా ముందుది. మీ ఆడపడుచు మెచ్చుకోలు మీకు ఒక్క రాత్రి నిద్రనైనా ఇవ్వలేదు కదా! ఆమె నెలలో కొన్ని రోజులు వచ్చి ఉండాలి. కుదరదంటే ఆయాను పెట్టే ఖర్చులో వాటా ఇవ్వాలి. ఈ మాట మీ నోట కాదు, అన్నగా మీవారి నోట రావాలి.

చేతకాకపోవడానికి మందు నేర్చుకోవడమే. రాత్రి భోజనం మీవారికి అప్పగించండి. అత్తయ్యను నిటారుగా కూర్చోబెట్టి, చిన్న చెంచాతో, ఒక ముద్ద మింగాకే ఇంకోటి పెట్టాలని చూపించండి. మొదట్లో ఆవిడ మొహం తిప్పుకుంటారు, మిమ్మల్నే పిలుస్తారు. వెంటనే పరుగెత్తకండి. కన్నకొడుకు చేతి ముద్ద ఆవిడకూ అలవాటవుతుంది. పుండ్లు పడకుండా రెండు గంటలకోసారి పక్కకు తిప్పడం మామూలుగా చెప్పే పద్ధతి. ఆవిడ కింద దుప్పటి మడిచి వేసి, ఇద్దరు చెరోవైపు పట్టుకుని తిప్పితే మీ నడుమూ నిలుస్తుంది. రాత్రి వంతులు సగం ఆయనవే.

ఇంకొక్క మాట. ఇంట్లో చదువుకునే ఆడపిల్ల ఉంటే, మీరు దించుకున్న పని మెల్లగా ఆమె చేతికి వెళ్లిపోతుంది. అలా కానివ్వకండి. అబ్బాయి ఉంటే వాడికీ డైపర్ మార్చడం నేర్పండి.