పాత పాట, కొత్త పాట – ఐర్లండు జానపద గానంపై ఒక పరిశీలన

జానపద గేయమంటే ఏమిటి? పాఠ్యగ్రంథాలు సాధారణంగా మూడు లక్షణాలు చెబుతాయి. కర్త ఎవరో తెలియరాదు. నోటి నుండి నోటికి సాగి రావలెను. ప్రాచీనమై ఉండవలెను. ఈ మూడింటిని అప్పగించిన విద్యార్థికి పరీక్షలో మార్కులు లభించవచ్చు. కాని ఈ లక్షణాలు నిజంగా పాట ప్రాణాన్ని పట్టి చూపగలవా అన్నది వేరు ప్రశ్న. ఆ ప్రశ్నకు సమాధానం వెదకడానికి మేము ఐర్లండు దేశపు గ్రామఫోను రికార్డు ఒకదానిని ఉదాహరణగా స్వీకరిస్తున్నాము. అది ‘ప్లాంక్స్టీ’ అనే గానబృందం 1973లో వెలువరించిన తొలి ఆల్బం. బృందం పేరే దానికీ పేరు. అందులోని పన్నెండు అంశాలలో కొన్ని మూడు శతాబ్దాలకు పైబడినవి, కొన్ని ఆ తరం వారే రచించినవి. ముందుగా తెలియని శ్రోత వాటిలో ఏది పాతదో, ఏది కొత్తదో చెప్పలేడు. అట్లు చెప్పలేకపోవడానికి గల కారణమే ఈ వ్యాస విషయం.

నేపథ్యం

ప్రాచీన ఐర్లండులో సంగీతానికి ప్రధాన వాద్యం హార్పు. ప్రభువుల ఆశ్రయంలో జీవించిన హార్పు విద్వాంసులలో పలువురు అంధులు. వారిలో సుప్రసిద్ధుడు టర్లో ఓ కారొలన్ (1670–1738). పద్దెనిమిదవ ఏట మశూచికం సోకి ఆయన చూపు కోల్పోయాడు. ఒక గృహిణి దయతో హార్పు నేర్చి, గుర్రంపై ఊరూరా తిరుగుతూ, ఆదరించిన కుటుంబాలవారి పేరిట స్వరరచనలు చేశాడు. అటువంటి రచనలకు ‘ప్లాంక్స్టీ’ అని పేరు. మన బృందం తన నామధేయాన్ని ఇక్కడి నుండే గ్రహించింది.

ఆశ్రయమిచ్చిన ప్రభువులు నశించగా హార్పు విద్య కూడా క్షీణించింది. 1792లో బెల్‌ఫాస్టు నగరంలో మిగిలిన విద్వాంసులను సమావేశపరచినప్పుడు వచ్చిన ఐర్లండువారు పదిమంది మాత్రమే. వారు వాయించిన వరుసలను స్వరలిపిలో వ్రాసుకొనే పని పందొమ్మిదేళ్ల ఎడ్వర్డ్ బంటింగ్ అనే యువకునికి అప్పగించారు. ఆ కొద్ది దినాల శ్రమే లేకుంటే ఎన్నో వరుసలు ఆ వృద్ధులతోపాటే సమాధి అయ్యేవి.

భాషకు సంభవించిన నష్టం ఇంకా పెద్దది. 1831లో నెలకొల్పిన జాతీయ పాఠశాలలలో ఐరిష్ భాషకు చోటు దక్కలేదు. 1845లో మొదలైన మహాక్షామంలో సుమారు పది లక్షలమంది మరణించారు. మరి పది లక్షలకు పైగా జనం దేశం విడిచి పోయారు. ఐరిష్ మాట్లాడే పడమటి పల్లెలే ఆ దెబ్బకు ఎక్కువగా గురి అయ్యాయి. ప్లాంక్స్టీ ఆల్బంలో ఈ చరిత్ర అంతా కనిపిస్తుంది. అందులో గళంతో పాడిన పాటలన్నీ ఇంగ్లీషులోనే ఉన్నవి. ఐరిష్ భాష కొన్ని వాద్య రచనల పేర్లలో మాత్రమే మిగిలింది. మాట తప్పిపోయిన చోట వరుస నిలిచింది.

బృందం, వాద్యాలు

బృంద సభ్యులు నలుగురు: క్రిస్టీ మూర్, డోనల్ లనీ, ఆండీ ఇర్విన్, లియమ్ ఓఫ్లిన్. వీరు మొదట 1972లో వెలువడిన క్రిస్టీ మూర్ ఆల్బం కోసం కలిసి వాయించారు. కిల్డేర్ మండలంలోని ప్రాస్పరస్ అనే గ్రామంలో దానిని ముద్రణ చేసినందున ఆ ఊరి పేరే దానికి పెట్టారు.

ఓఫ్లిన్ వాద్యం ‘ఇలిన్’ పైపు. ఐరిష్ భాషలో ఆ మాటకు మోచేయి అని అర్థం. దీనిని నోటితో ఊదరు. మోచేతి కింద, కమ్మరి కొలిమి తిత్తివలె ఒక చిన్న తిత్తిని అదుముతూ తోలుసంచిలోనికి గాలి నింపుతారు. వేళ్లు వరుసను పలికిస్తుండగా శ్రుతి గొట్టాలు ఎడతెగక మ్రోగుతాయి. లియో రౌసమ్ వంటి గురువుల వద్ద ఓఫ్లిన్ ఈ విద్యను శ్రద్ధగా అభ్యసించాడు. క్రిస్టీ మూర్ వాయించే ‘బౌరాన్’ మేకతోలు బిగించిన వాద్యం, రూపంలో మన డప్పుకు దగ్గర. ఇవి దేశీయములు. కాని లనీ చేతిలోని బుజూకీ గ్రీసు దేశపు తంత్రీవాద్యం. అది ఐర్లండు సంగీతంలో ప్రవేశించినది 1960ల దశకంలోనే. ఇర్విన్ లండనులో పుట్టినవాడు, బాల్కన్ దేశాలలో సంచరించి అచ్చటి లయలను నేర్చి వచ్చినవాడు. అయినను ఈ బృంద వాదనలో పరాయితనం ఎక్కడా చెవికి సోకదు. నేడు బుజూకీని ఐర్లండు జానపద వాద్యంగానే పరిగణిస్తున్నారు.

గీతాల పరిశీలన

ఆల్బంలోని తొలి అంశం ఒక సంచారజాతి యువకుని వెంట ఇల్లు విడిచి పోయిన సంపన్న స్త్రీ కథ. దీనిని క్రిస్టీ మూర్‌కు అందించినది జాన్ రైలీ అనే సంచారజాతి గాయకుడు. రాస్కామన్ మండలంలోని బాయిల్ పట్టణంలో దారిద్ర్యంలో జీవించిన రైలీ 1969లో కన్నుమూశాడు. అప్పటికే టామ్ మనెలీ అనే సేకర్త ఆయన పాటలను ధ్వనిముద్రణ చేసి ఉండడం మన అదృష్టం. ఈ పాట ముగియగానే, విరామం లేకుండా, పైపుపై మరొక వరుస అందుకుంటుంది. అది ‘నీ చేయి నాకందించు’ అని అర్థమిచ్చే రచన. దాని కర్త రుఅరీ డాల్ ఓ కాహన్ అనే అంధ విద్వాంసుడు. తనను అవమానించిన ఒక ప్రభుపత్నితో రాజీ కుదిరిన వేళ దీనిని కట్టినాడని ఐతిహ్యం. నిరుపేద సంచారి పాటను, రాజాస్థానపు వరుసను ఒకే ఊపిరిలో పలికించడం ఈ ఆల్బంలో మిక్కిలి మెచ్చదగిన ఘట్టం.

‘ఆర్థర్ మెక్‌బ్రైడ్’ వెనుకటి పాట. క్రిస్మస్ ఉదయాన సముద్రతీరంలో నడచిపోతున్న ఇద్దరు జ్ఞాతులను సైన్యంలో చేర్చుకొనుటకు ఒక సార్జెంటు ధనాశ చూపుతాడు. వారు నిరాకరిస్తారు. మాటకు మాట పెరిగి కొట్లాట జరుగుతుంది. చివరకు సైనికుల డోలు సముద్రం పాలవుతుంది. ఉపన్యాసం లేకుండా యుద్ధాన్ని నిరసించిన గేయమిది.

‘కార్లో’ పాట చరిత్ర మరింత విచిత్రమైనది. 1580లో గ్లెన్‌మలూర్ లోయలో ఇంగ్లీషు సేనను ఓడించిన వీరుడు ఫియాక్ మెక్‌హ్యూ ఓ బర్న్ దాని నాయకుడు. వినేవారు అది ఆనాటి సైనికులు పాడుకున్నదే అనుకుంటారు. కాని ఆ మాటలు వ్రాసినవాడు పి. జె. మెకాల్ (1861–1919). యుద్ధానికీ పాటకూ నడుమ మూడు శతాబ్దాల దూరం ఉన్నది.

ఇక సమకాలీన గీతాలు. మికీ మకానెల్ రచించిన పాట విభజింపబడిన ఐర్లండులో స్వేచ్ఛ నదులకు మాత్రమే దక్కినదని వాపోతుంది. ఇర్విన్ స్వయంగా రచించినది క్లేర్ తీరాన్ని తలచుకొనే విరహగీతం. ఇంగ్లండులో పుట్టిన యూవన్ మెకాల్ థేమ్స్ నదిపై కట్టిన ప్రేమగీతం మరొకటి. వీరందరి పేర్లు మనకు తెలుసు. వాటిని వ్రాసిన కాలం తెలుసు. అయినను అవి పాత పాటల సరసన ఒదిగి కూర్చున్నవి. ఏలనగా వాటి నడక పాత పాటలదే. అలంకారాలు తక్కువ, కథ సూటి, వరుస నలుగురూ పట్టుకోగలిగినది. కావున జానపదత్వం పుట్టిన తేదీలో లేదు, కర్త అజ్ఞాతంలో లేదు. ఒకరు పాడినది మరొకరు తమదిగా స్వీకరించి ముందుకు సాగించడంలో ఉన్నది. మొదట చెప్పిన మూడు లక్షణాలలో నడిమిదే నిలుస్తుందని మా అభిప్రాయం.

మన వైపు ఒక చూపు

జాన్ రైలీ నివసించిన బాయిల్ పట్టణంలోనే 1878లో మార్గరెట్ కజిన్స్ జన్మించింది. సంగీతంలో పట్టం పొందిన ఆమె భర్తతో మన దేశానికి వచ్చి రాయలసీమలోని మదనపల్లిలో నివసించింది. 1919లో రవీంద్రనాథ ఠాగూరు అచ్చటి కళాశాలలో బస చేసి ‘జనగణమన’ను పాడినప్పుడు ఆ వరుసను స్వరలిపిలోనికి ఎక్కించినది ఆమెయే. బెల్‌ఫాస్టులో బంటింగ్ చేసిన పనిని ఒక ఐరిష్ వనిత తెలుగునేలపై చేసిందన్న మాట.

ప్లాంక్స్టీ బృందం 1975లో విడిపోయి, తరువాత పలుమార్లు కలిసింది. ఓఫ్లిన్ 2018లో దివంగతుడైనాడు. అంతకు ముందు సంవత్సరమే ఇలిన్ పైపు వాదనను యునెస్కో మానవజాతి వారసత్వంగా గుర్తించింది. ఒకప్పుడు వేళ్లపై లెక్కించదగినంత మందే వాయించిన పైపును నేడు ఎందరో యువకులు నేర్చుకుంటున్నారు.

విద్యార్థులారా! మీ ఇంటిలో దాదీమా పాడే లోరీ ఉన్నది, నానమ్మ పాడే రోకటిపాట ఉన్నది, పీర్ల పండుగనాడు హిందువులు, ముస్లిములు కలిసి పాడిన తెలుగు పాట ఉన్నది. ఈ సెలవులలో వారి పక్కన కూర్చొని ఒక్క పాటనైనా మాట పోకుండా వ్రాసుకొనండి. వరుసను ధ్వనిముద్రణ చేయండి. వ్రాసి దాచుట సగం పని మాత్రమే. మిగిలిన సగం ఆ పాటను మీరు నేర్చి పాడుట.