ఇంటిలోని నల్లులు

చదువవలసిన భాగము: లేవీయకాండము 14:33–48

ఇంటి గోడలో పొడ కనబడినయెడల యజమానుడే వెళ్లి యాజకునికి తెలుపవలెను. యాజకుడు ఇల్లు ఖాళీ చేయించి చూచి, ఏడు దినములు మూయించి, ఏడవ దినమున మరల వచ్చి చూడవలెను. దాచకుండుట, మరల చూచుట అను ఈ రెండును నల్లుల విషయమునందును మనకు పాఠములే.

2015లో రాజధాని పనులు ఆరంభమైన తరువాత తుళ్లూరు ప్రాంతమున అపార్టుమెంట్లు లేచినవి. క్రొత్త ఇంటిలోనికిని పాత మంచము, పరుపు, పెట్టెల వెంట నల్లులు వచ్చును. వాటికి కావలసినది మురికి కాదు, నిద్రించువారి రక్తము. కనుక ఇందు సిగ్గుపడవలసినది లేదు. దాచినయెడల గోడ సందులగుండ పొరుగింటికి ప్రాకును.

పత్తికి, మిరపకు కొట్టు మందును పరుపుపై కొట్టకుడని మేము గట్టిగా చెప్పుచున్నాము. అది నల్లికంటె ముందు పసిబిడ్డకు విషమగును. కిరోసిను నిప్పుకు దారి.

మంచపు కీళ్లలో, పరుపు కుట్లలో నల్లని చుక్కలు వెదకుడి. దుప్పట్లను మసలు నీటిలో నానబెట్టుడి. కొయ్యమంచపు సందులలో మసలు నీరు పోయుడి. గ్రుడ్లు వారము పది దినములలో పిల్లలగును గనుక, వారమునకొకసారి చొప్పున కొన్ని వారములు ఇట్లే చేయుడి. ఇల్లు మూసి ఊరికి పోయినంత మాత్రమున లాభము లేదు. నల్లి తిండిలేక నెలల తరబడి బ్రతుకును.

పొరుగువారితో చెప్పి, ఇరువురును ఒకే దినమున పని మొదలుపెట్టుడి.

ఆలోచించుడి: మన ఇంటి బాధను పొరుగువారికి చెప్పక దాచుటవలన నష్టపడునది ఎవరు?