గమనించి చూచుట: మిన్స్‌మియర్ తీరమున ఒక దినము

కొండమీది ప్రసంగములో ప్రభువు ఆకాశపక్షులను చూడుమని చెప్పినప్పుడు (మత్తయి 6:26) వాడబడిన గ్రీకు క్రియ సామాన్యమైన చూపును తెలుపునది కాదు. దృష్టి నిలిపి చూచుట అని దాని భావము. ఈ వచనమును ఓదార్పుకొరకు మనము తరచుగా చదువుదుము గాని, ఆజ్ఞగా చదువుట అరుదు. ఆంగ్ల దైవజనుడు జాన్ స్టాట్ (1921–2011) దీనిని ఆజ్ఞగానే గైకొనెను. ఆయన అనేక దేశములలో దుర్భిణి చేతబట్టి పక్షులను చూచుచు తిరిగి, అవి మనకు నేర్పు పాఠములను గూర్చి 1999లో ఒక గ్రంథమునే ప్రచురించెను. అట్టి చూపు ఎట్లలవడునో తెలిసికొనుటకు, ఆయన దేశముననే తూర్పు తీరమందు, సఫోక్ సీమలోనున్న మిన్స్‌మియర్ పక్షి సంరక్షణ ప్రదేశమున ఒక జట్టు వసంతకాలమందు గడుపు దినమును పరిశీలింతము.

ఉదయము మొదట తూర్పు గదికి పోవుట మేలు. ఇవి పక్షులకు మనిషి కనబడకుండ కట్టిన చెక్క గదులు. అచ్చటివారు హైడ్‌లు అందురు. లోపల బల్లలు, ముందు సన్నని పొడవాటి కిటికీలు ఉండును. ఈ గది సముద్రపు ప్రక్కనుండి పడమరకు చూచుచున్నందున ఉదయసూర్యుడు మన వీపువైపున నుండును. ఎదుటి మడుగులోని పక్షుల రంగులు తేటగా కనబడును. మధ్యాహ్నము దాటిన తరువాత ఎదుటి ప్రక్కనున్న పడమటి గదికి పోవలెను. ఈ చిన్న సంగతి తెలియక నీడలను మాత్రమే చూచి తిరిగి వచ్చువారు కలరు.

ఒంటరిగా పోవుటకంటె జట్టుగా పోవుటలో ఒక లాభము గలదు. మడుగును గడియారపు ముఖమువలె భావించి, "పది గంటల దిక్కున, చిన్న దీవి అంచున" అని ఒకరు మెల్లగా చెప్పగా తక్కినవారు అటు చూతురు. పేర్లన్నియు నెరిగిన పెద్దలు దూరమున ఏదో అపురూపమైన దానిని వెదకుచుండగా, క్రొత్తగా వచ్చిన బాలిక కిటికీ క్రిందనే నిలిచిన పక్షిని చూపుట జరుగుచుండును. ఒక్కసారిగా పక్షులన్నియు లేచినయెడల వాటిని చూడక, పైకి చూడుమని అనుభవజ్ఞులు చెప్పుదురు; గ్రద్ద జాతిదేదో వచ్చుచుండవచ్చును.

ఇచ్చట ముఖ్యముగా చూడవలసినది అవోసెట్ అను నీటిపక్షి. తెలుపు నలుపు దేహము, పొడవైన నీలికాళ్లు, పైకి వంగిన సన్నని ముక్కు దీనికి గలవు. లోతులేని నీటిలో ఆ ముక్కును కొడవలివలె ప్రక్కలకు ఆడించుచు చిన్న పురుగులను పట్టి తినును. చిత్తడినేలలను ఎండగట్టి, గ్రుడ్లను ఏరి, పక్షులను కాల్చుటవలన 19వ శతాబ్దపు మధ్యనాటికి బ్రిటన్‌లో దీని గూడే లేకపోయెను. 1940లో శత్రుసైన్యము తీరమున దిగకుండ ఇచ్చటి పచ్చిక బయళ్లను నీటితో ముంచిరి. యుద్ధము ముగిసినది, నీరు నిలిచిన ఆ నేలకు 1947లో అవోసెట్‌లు వచ్చి గూళ్లు కట్టెను. ఎవరును వాటిని పిలువలేదు.

ఇంతవరకే చెప్పి ఊరకుండిన చక్కని కథ యగును గాని, సత్యము సగమే యగును. ఆ పక్షులు ఇచ్చట స్థిరముగా నిలువలేదు. 1959లో సంరక్షకుడుగా వచ్చిన బర్ట్ ఆక్సెల్ 1962 మొదలుకొని మన్ను త్రవ్వించి, లోతులేని ఉప్పునీటి మడుగును, దానిలో గులకరాళ్లు పరచిన చిన్న దీవులను ఏర్పరచెను. తూముల తలుపులతో నీటి లోతును, ఉప్పదనమును ఋతువునుబట్టి సరిచేయుదురు. నీరు ఎక్కువైన గూళ్లు మునుగును. తక్కువైన నక్కలు నడచి వచ్చును. పక్షులు విత్తవు, కోయవు. పరలోకపు తండ్రియే వాటిని పోషించుచున్నాడు. అయితే ఆయన వాటికొరకు పరచిన భోజనపు బల్లను తీసివేసినది మనుష్యుడే. తీసినవాడు తిరిగి పరచుట ఔదార్యము కాదు, అప్పు తీర్చుట అని నా తలంపు.

రెల్లుపొదల మీద నెమ్మదిగా ఎగురు మార్ష్ హారియర్ అను గ్రద్ద ఈ అప్పునకు మరియొక సాక్షి. డి.డి.టి. వంటి మందులు ఆహారముద్వారా దేహములో చేరుటచేత గ్రుడ్ల పెంకులు పలుచబడి, తల్లి బరువునకే పగిలిపోయెను. 1971లో బ్రిటన్ అంతటిలో మిగిలినది ఒక్క గూడు; అది మిన్స్‌మియర్‌లో నుండెను. ఆ మందులు నిషేధింపబడగా నేడు వందలాది జతలు గలవు. ఈ జాతి గ్రద్దలనే మన కొల్లేరు, పులికాట్ సరస్సులమీద చలికాలమున చూడవచ్చును; అయితే మనకు వచ్చునవి ఉత్తర ఆసియానుండి వచ్చునవి. రెల్లులోనే దాగి, దూరమునకు వినబడునట్లు గంభీరముగా కూయు బిట్టర్న్ అను కొంగ కనబడుట కష్టము. ఆ కూతనుబట్టియే మగపక్షులను లెక్కింతురు. 1997లో ఆ దేశమంతట పదకొండు మాత్రమే వినబడెను. ఎండిపోవుచున్న రెల్లునేలలను త్రవ్వి మరల నీరు నింపిన తరువాత ఆ సంఖ్య 200 దాటినది.

దక్షిణపు బయలులో ఒక శిథిల ప్రార్థనాలయము కనబడును. 1182లో స్థాపింపబడిన లీస్టన్ మఠము మొదట ఈ స్థలముననే యుండెను. వరదలకు తాళలేక 1363లో సన్యాసులు లోపలి భూమికి తరలిపోయిరి. విడిచిన గోడలలో రెండవ ప్రపంచయుద్ధ కాలమున కాంక్రీటు తుపాకిగూడు కట్టిరి. దానికి అవతల సైజ్‌వెల్ అణువిద్యుత్ కేంద్రపు తెల్లని గుమ్మటము. అచ్చట మరియొక కేంద్రమునకు 2022లో ప్రభుత్వము అనుమతి నిచ్చెను. ఈ ప్రదేశమును కాపాడు పక్షి రక్షణ సంఘము దానిని ఎదిరించెను. వెలుతురు కావలెననుట న్యాయమే. చిత్తడినేలకు ఎంత దగ్గరగా త్రవ్వవచ్చుననునదే వివాదము. సముద్రమో, తన పనిని మానలేదు.

సాయంకాలము జట్టువారు బల్లచుట్టు కూర్చుండి, చూచిన జాతులను, వాటి సంఖ్యలను చెప్పుకొని పుస్తకమున వ్రాసికొందురు. సంశయమున్న పక్షిని వ్రాయరు. 1971లో ఒక్క గూడే మిగిలెనని లోకమునకు తెలిసినది ఇట్టి లెక్కలవలననే.