పని దినానికి విలువ కట్టడం: నల్గొండ, మహబూబ్‌నగర్ మెట్ట ప్రాంతాలలో ఉపాధి విలువను అంచనా వేసే సరళ నమూనాలు

సారాంశం

ఒక పని దినం విలువ దానికి చెల్లించే కూలికి సమానమని సాధారణంగా భావిస్తారు. ఆర్థికశాస్త్రం ఈ భావనను మూడు దశలలో సవరిస్తుంది. మొదట, పనికి వెళ్లడం వల్ల వదులుకున్న ఆదాయాన్ని మినహాయిస్తుంది. తరువాత, వేరే పని దొరికే అవకాశాన్ని లెక్కలోకి తీసుకుంటుంది. చివరగా, ఆ పని అందుబాటులో ఉండటం వల్ల మొత్తం కూలి మార్కెట్‌లో వచ్చే మార్పును పరిశీలిస్తుంది. దక్షిణ తెలంగాణ మెట్ట ప్రాంతాల అనుభవం ఆధారంగా ఈ మూడు దశలను, విస్తరణ కార్యక్రమాలలో వాటి ప్రయోజనాన్ని ఈ వ్యాసం వివరిస్తుంది.

ఉపోద్ఘాతం

నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చెలక నేలలలో వ్యవసాయ పని సంవత్సరమంతా ఒకే తీరుగా ఉండదు. నాట్లు, కలుపుతీత, పత్తి ఏరుడు సమయాలలో రైతుకు కూలీలు దొరకరు. ఎండలు ముదిరిన తరువాత కూలీలకు పని దొరకదు. పాలమూరు కూలీలు తరతరాలుగా ప్రాజెక్టుల నిర్మాణాలకు, నగరాలకు వలస వెళ్లడానికి ఈ వ్యత్యాసమే ప్రధాన కారణం.

విస్తరణ శాస్త్రవేత్తకు ఈ విషయం నిత్యం ఎదురవుతుంది. సాగు ఖర్చుల పట్టికలో కుటుంబ శ్రమకు ఏ విలువ వేయాలి? కలుపు మందు వాడకం వల్ల ఎకరాకు మిగిలే పని దినాలను కేవలం ఆదాగా చూపాలా, మరొకరు కోల్పోయిన ఉపాధిగా కూడా గుర్తించాలా? ఈ ప్రశ్నలకు సమాధానం పని దినానికి మనం కట్టే విలువపై ఆధారపడి ఉంటుంది.

మొదటి దశ: వదులుకున్న ఆదాయం

ఆర్థర్ లూయిస్ 1954లో ప్రచురించిన నమూనాలో సంప్రదాయ వ్యవసాయంలో అవసరానికి మించిన శ్రామికులు ఉంటారని, వారిలో కొందరు తప్పుకున్నా ఉత్పత్తి తగ్గదని భావించారు. దీనినే ప్రచ్ఛన్న నిరుద్యోగిత అంటారు. ఈ భావన ప్రకారం అటువంటి కూలీకి కొత్త పని ఇస్తే సమాజం వదులుకునేది శూన్యం. థియోడర్ షుల్జ్ 1964లో దీనిని ఖండించారు. 1918-19 ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారిలో భారతదేశంలో శ్రామికుల సంఖ్య తగ్గిన తరువాత సాగు విస్తీర్ణం కూడా తగ్గిందని ఆయన చూపారు. అంటే శ్రమ అవకాశ వ్యయం శూన్యం కాదు. అయితే అది మార్కెట్ కూలికి సమానం కావలసిన అవసరమూ లేదు. ఈ రెండు హద్దుల మధ్య ఉండే విలువనే ప్రాజెక్టుల మూల్యాంకనంలో ఛాయా వేతనంగా వ్యవహరిస్తారు.

ఆచరణలో సూత్రం సులభమైనది: నికర విలువ = పొందిన కూలి - వదులుకున్న ఆదాయం.

మహారాష్ట్ర ఉపాధి హామీ పథకంపై గౌరవ్ దత్, మార్టిన్ రవాలియన్ ఇక్రిశాట్ గ్రామాల సమాచారంతో ఈ పద్ధతిని ప్రయోగించారు. కూలీలు వదులుకున్న ఆదాయం పొందిన కూలిలో కొద్ది భాగమేనని వారు గుర్తించారు.

రెండవ దశ: పని దొరికే అవకాశం

హారిస్, టొడారో 1970లో ప్రతిపాదించిన వలస నమూనా ప్రకారం శ్రామికుడు నగర కూలిని మాత్రమే చూడడు. ఆ కూలిని పని దొరికే సంభావ్యతతో గుణించి చూస్తాడు. ఈ రెండు దశలనూ కలిపి కింది ఉదాహరణలో చూడవచ్చు. ఇందులోని అంకెలు వివరణ కోసం ఊహించినవి. ఉపాధి పనిలో రోజు కూలి 300 రూపాయలు అనుకుందాం.

1. వేసవిలో ఊరిలోనే ఉండే మహిళ: బయట కూలి 250 రూపాయలు, 5 రోజులకు 1 రోజే పని దొరుకుతుంది. వదులుకున్న ఆదాయం 50, నికర విలువ 250 రూపాయలు.

2. వేసవిలో నగరానికి వెళ్లగలిగిన పురుషుడు: నగర కూలి 600 రూపాయలు, 5 రోజులకు 3 రోజులు పని. సగటు రాబడి 360. తిండి, బస, ప్రయాణ ఖర్చులకు 160 పోగా మిగిలేది 200. ఊరిలో దొరికిన పని నికర విలువ అతనికి 100 రూపాయలు.

3. పత్తి ఏరే కాలంలో కూలీ: బయట కూలి 400 రూపాయలు, 10 రోజులకు 9 రోజులు పని. వదులుకున్న ఆదాయం 360. నికర విలువ 60 రూపాయల లోటు. కనుక ఉపాధి పనికి వెళ్లకపోవడమే సహజం.

పథకం ఒకటే, చెల్లించే కూలి ఒకటే. విలువలు మాత్రం మూడు. వ్యక్తి, కాలం, ప్రత్యామ్నాయం తెలియకుండా పని దినానికి ఒకే ధర నిర్ణయించడం ఎందుకు సరికాదో దీనివల్ల స్పష్టమవుతుంది. చెల్లింపులో జాప్యం జరిగితే ఈ విలువ మరింత తగ్గుతుంది. నూటికి నెలకు 3 రూపాయల వడ్డీకి అప్పు తెచ్చుకునే కుటుంబానికి 300 రూపాయల కూలి 2 నెలలు ఆలస్యమైతే 18 రూపాయలు వడ్డీకే పోతాయి.

సగటు లెక్కలలో కనిపించనిది భద్రత. ఇక్రిశాట్ 1975 నుంచి నాటి మహబూబ్‌నగర్ జిల్లాలోని ఔరేపల్లి, దోకూరు గ్రామాలలో కుటుంబాల ఆదాయ వ్యయాలను నమోదు చేసింది. ఔరేపల్లితో పాటు మహారాష్ట్రలోని రెండు గ్రామాల సమాచారాన్ని రాబర్ట్ టౌన్సెండ్ 1994లో విశ్లేషించారు. ఒక కుటుంబం ఆదాయం తగ్గినా దాని వినియోగం ఊరి సగటుకు దగ్గరగానే సాగుతుందని, అంటే చేబదుళ్లు, అప్పులు, పరస్పర సహాయం చాలావరకు ఆదుకుంటాయని ఆయన గమనించారు. అయితే మూడింటిలో ఒక గ్రామంలో భూమిలేని వారికి ఈ రక్షణ తక్కువగా ఉంది. పైగా కరువు ఊరంతటినీ ఒకేసారి దెబ్బతీసినప్పుడు పొరుగువారి సహాయం సరిపోదు. అటువంటి సంవత్సరంలో హామీ ఉన్న పని దినం విలువ నికర కూలిని మించి ఉంటుంది.

మూడవ దశ: మార్కెట్‌పై ప్రభావం

పై రెండు దశలూ పనికి వెళ్లిన వారినే లెక్కిస్తాయి. జాతీయ గ్రామీణ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో ప్రారంభమైంది. మొదటి విడత 200 జిల్లాలలో నల్గొండ, మహబూబ్‌నగర్ రెండూ ఉన్నాయి. 2010-12 మధ్య నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం నల్గొండతో సహా 8 జిల్లాలలో స్మార్ట్‌కార్డుల ద్వారా కూలి చెల్లింపును మెరుగుపరచింది. ఏ మండలాలలో ముందుగా అమలు చేయాలో లాటరీ పద్ధతిలో నిర్ణయించడం వల్ల పోల్చి చూడటానికి వీలు కలిగింది. కార్తీక్ మురళీధరన్, పాల్ నీహాస్, సందీప్ సుఖ్తాంకర్ 2023లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ముందుగా అమలైన మండలాలలో పేద కుటుంబాల ఆర్జన 14 శాతం పెరిగింది. ఆ పెరుగుదలలో 86 శాతం ఉపాధి పథకం నుంచి కాక బయటి పనుల నుంచి వచ్చింది. బయటి కూలి రేట్లతో పాటు, కూలీలు పనికి అంగీకరించే కనీస కూలి కూడా పెరిగింది. ప్రైవేటు ఉపాధి తగ్గలేదు.

దీని అర్థం గమనించదగినది. సమయానికి డబ్బు అందే పని ఊరిలో ఉన్నప్పుడు, కూలీ తక్కువ రేటును తిరస్కరించగలుగుతాడు. ఆ పనికి ఒక్కరోజు కూడా వెళ్లని కూలీకి సైతం దాని ప్రయోజనం చేరుతుంది. హాజరు పట్టీలోని దినాలను మాత్రమే లెక్కిస్తే ఈ ప్రయోజనంలో ఎక్కువ భాగం లెక్కకు రాదు. మరోవైపు, పెరిగిన కూలి రైతుకు ఖర్చు. తన పొలంలో కూలీలను పెట్టుకొని, తీరిక రోజులలో తానే కూలికి వెళ్లే సన్నకారు రైతు విషయంలో ఈ రెండింటినీ కలిపి చూడవలసి ఉంటుంది.

విస్తరణ కార్యక్రమాలకు సూచనలు

- కుటుంబ శ్రమకు సంవత్సరమంతా ఒకే కూలి రేటు వేయరాదు. నెలవారీ రేటును, ఆ నెలలో పని దొరికే రోజులను వేర్వేరుగా నమోదు చేయాలి. స్త్రీ, పురుషుల ప్రత్యామ్నాయాలు వేరు కనుక లెక్క కూడా వేరుగా ఉండాలి.

- శ్రమను ఆదా చేసే సాంకేతికతను సిఫారసు చేసేటప్పుడు రైతు లెక్కను, కూలీ లెక్కను పక్కపక్కన చూపాలి. పత్తి ఏరుడులో యంత్రం కూలీల కొరతను తీరుస్తుంది. వేరే పని లేని రోజులలో కలుపు మందు మహిళా కూలీ ఆదాయాన్ని తగ్గిస్తుంది.

- సర్వేలలో "ఎంత కూలి వచ్చింది" అనే ప్రశ్నతో ఆగక "ఈ పని లేకపోతే ఆ రోజు ఏమి చేసేవారు", "డబ్బు ఎన్ని రోజులకు అందింది" అని కూడా అడగాలి.

ముగింపు

సరళ నమూనా వాస్తవాన్ని కుదించి చూపుతుంది. ఏది విడిచిపెట్టామో తెలిసినంతవరకు అది ఉపయోగకరం. కూలి, వదులుకున్న ఆదాయం, పని దొరికే అవకాశం అనే మూడు అంకెలను గ్రామ స్థాయిలోనే సేకరించవచ్చు. భద్రతకు, మార్కెట్ ప్రభావానికి విలువ కట్టడం కష్టం. కష్టమైనంత మాత్రాన వాటి విలువను శూన్యంగా చూపడం సరికాదు. పట్టికలో వాటికి కూడా ఒక వరుస కేటాయించి, వివరణ నమోదు చేయడం అవసరం.